ఒక్క రకం న్యూరాన్లనే చంపే టాక్సిన్: సెమినార్‌కి సాయం కావాలి

ఆనంద్_ఆమదాలవలస
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడు చదువుతున్నాను. జర్నల్ క్లబ్‌లో నాకు పడిన పేపర్లో రాట్ మెదడులోకి 192 ఐజీజీ-సాపోరిన్ అనేది ఎక్కించి, ఎసిటైల్‌కోలిన్ (న్యూరాన్లు సంకేతాలు పంపడానికి వాడే ఒక రసాయనం) తయారుచేసే న్యూరాన్లను మాత్రం చంపేశారు. పక్కనున్న కణాలకు ఏమీ కాలేదంట. రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. సాపోరిన్ విషమే కదా, మరి తగిలిన కణాన్నల్లా ఎందుకు చంపదు? మా డిపార్ట్‌మెంట్లో మైస్ తప్ప రాట్స్ లేవు, అదే మందు మైస్‌కి పనిచేస్తుందా? చివర్లో "బ్లాంక్ సాపోరిన్" అని ఇంకో గ్రూపు ఎందుకు పెట్టారు? సోమవారం సెమినార్. మా సార్ ప్రశ్నలు మొదలెడితే ఒక పట్టాన ఆపరు.

జీడిపప్పు_బావ
ఓర్నాయనో, ఎలకని చంపడానికి ఇంత చదువేటి తమ్ముడూ? మా పలాస గోడౌన్లో అట్టకి జిగురు రాసి పెడితే తెల్లారేసరికి నాలుగు పడతాయి. సర్లే, పెద్దోళ్ళు వచ్చి చెప్తారు. నాను ఓ పక్కన కూకుని ఇంటాను.

గీత_విజయనగరం
బావా, ఇక్కడ ఎలక చావకూడదు. అదే అసలు కష్టం :)

ఆనంద్, మంచి పేపరే పడింది. నా పీహెచ్‌డీలో ఎక్కువ భాగం ఈ మందుతోనే గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

సాపోరిన్ అనేది సాపోనేరియా అఫిసినాలిస్ అనే మొక్క గింజల్లో ఉండే ప్రొటీన్. కణం లోపలికి వెళ్తే, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోని 28ఎస్ ఆర్ఎన్ఏ నుంచి ఒకే ఒక్క అడినిన్‌ను ఊడబెరుకుతుంది. అంతే, ఆ రైబోజోమ్ ఇక ప్రొటీన్ తయారుచెయ్యలేదు. ఇది ఎంజైమ్ కాబట్టి ఒకదాన్ని పాడుచేసి ఆగిపోదు, ఇంకోదాని మీదకు వెళ్తుంది. మన ఆముదం గింజలోని రైసిన్, గురివింద గింజలోని అబ్రిన్ చేసేది కూడా సరిగ్గా ఈ పనే.

అయితే రైసిన్‌కి రెండు గొలుసులుంటాయి. ఏ గొలుసు చంపుతుంది. బీ గొలుసు కణాల పైనుండే చక్కెరలకు అతుక్కుని దాన్ని లోపలికి చేరుస్తుంది. ఆ చక్కెరలు దాదాపు అన్ని కణాల మీదా ఉంటాయి కనక రైసిన్ దేన్నీ వదలదు. సాపోరిన్‌కి బీ గొలుసు లేదు. ఒంటరిగా వదిలితే కణం బయటే తచ్చాడుతుంది, లోపలికి పోయేది చాలా తక్కువ. నీ మొదటి డౌటుకి జవాబు ఇదే. విషం తక్కువదై కాదు, దానంతట అది లోపలికి పోలేక.

లోపలికి చేర్చే పని యాంటీబాడీది. 192 అనేది రాట్‌లోని పీ75 అనే రిసెప్టర్‌ను పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒకే గురికి అతుక్కునేది. ఐజీజీ అంటే యాంటీబాడీల్లో ఒక రకం. మెదడు అడుగుభాగంలో, బేసల్ ఫోర్‌బ్రెయిన్‌లో ఉండే కోలినర్జిక్ (ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే) న్యూరాన్ల మీద పీ75 దండిగా ఉంటుంది. యాంటీబాడీ దానికి అతుక్కోగానే కణం రిసెప్టర్‌తో సహా లోపలికి లాక్కుంటుంది, వెంట సాపోరిన్ కూడా పోతుంది. మెదడు పైపొర కార్టెక్స్‌లో ఉన్న నరం కొసల దగ్గర పట్టుకున్నా ఫరవాలేదు, ఆక్సాన్ అనే నరపు పోగు వెంట వెనక్కి ప్రయాణించి కణం ఒంటిదాకా వస్తుంది. వైలీ, ఓల్ట్‌మన్, లాపీ 1991లో దీన్ని మొదట చూపించారు. ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడే మెదడు కోసి చూస్తే ఏమీ కనిపించదు. ఉన్న ప్రొటీన్లు కరిగి కణం పడిపోవడానికి రోజులు పడుతుంది. మామూలుగా రెండు వారాలు ఆగి చూస్తారు.

మైస్ సంగతి: పనిచెయ్యదు. 192కి రాట్ పీ75 తెలుసు, మౌస్ పీ75 తెలియదు. మౌస్ కోసం వేరే యాంటీబాడీకి సాపోరిన్ తగిలించి అమ్ముతారు, అది కొనాలి. చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. రాట్ పేపర్ చదివి, అదే కేటలాగ్ నంబరుకి ఆర్డర్ పెట్టి, మైస్‌కి ఎక్కించి, "ఏ తేడా లేదు" అని రాసుకుంటారు. తేడా ఎక్కడినుంచి వస్తుంది!

కంట్రోల్స్ గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు ల్యాబ్‌కి పోవాలి.

జీడిపప్పు_బావ
అంటే వరిని వదిలేసి ఊద గడ్డిని మాత్రం చంపే మందు లాంటిదా అమ్మా?

గీత_విజయనగరం
దాదాపు అంతే బావా. కాకపోతే అక్కడ డోసు పెరిగితే వరి కూడా మాడుతుంది కదా, ఇక్కడ కూడా ఆ పేచీ ఉంది. సెరిబెల్లమ్‌లో, అంటే చిన్నమెదడులో పర్కింజే కణాలని ఉంటాయి, వాటి మీదా పీ75 ఉంది. మందును మెదడు వెంట్రికిల్‌లోకి (లోపల ద్రవం ఉండే గది) ఎక్కువ మోతాదులో ఇస్తే అవి కూడా పోతాయి. అప్పుడు రాట్ నడకలో తూలుతుంది. నీళ్ళ తొట్టిలో మునిగిన మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పరీక్ష ఒకటుంది. తూలే రాట్‌ను అందులో ఈదించి "జ్ఞాపకశక్తి తగ్గింది" అని రాస్తే ఎవరు నమ్ముతారు? ఆనంద్, మీ పేపర్లో సెరిబెల్లమ్ ఫోటో వేశారో లేదో చూడు. లేకపోతే సెమినార్‌లో నువ్వే అడుగు, మీ సార్ కాసేపు నిన్ను వదిలేస్తారు.

వంశధార70
జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. గీత చెప్పింది బాగుంది కాని, ఇది ఎందుకు కావాల్సి వచ్చిందో పిల్లవాడికి తెలియాలి.

1982లో రెండు సంగతులు ఒకేసారి పైకొచ్చాయి. అల్జీమర్స్‌తో పోయినవాళ్ళ మెదళ్ళలో బేసల్ ఫోర్‌బ్రెయిన్ న్యూరాన్లు బాగా తగ్గిపోయాయని ఒక బృందం చూపింది. ముసలితనపు మతిమరుపుకు ఎసిటైల్‌కోలిన్ లోపమే మూలమని అదే ఏడు బార్టస్ బృందం గట్టిగా వాదించింది. దాంతో అందరూ రాట్స్‌లో ఆ చోటును పాడుచేసి చూడ్డం మొదలెట్టారు. చేతిలో ఉన్నది ఐబోటెనిక్ ఆమ్లం, కైనిక్ ఆమ్లం వంటివి. అవి అటుగా పోయే నరపు పోగులను వదిలేస్తాయి, అది మెచ్చుకోవాల్సిందే. కాని ఆ చోటున్న న్యూరాన్ ఏ జాతిదని చూడవు. గాబా అనే ఇంకో సంకేత రసాయనం చేసేదైనా, ఎసిటైల్‌కోలిన్ చేసేదైనా వాటికి ఒకటే. రాట్స్ దారులు మరిచిపోయాయి, తొట్టిలో తికమకపడ్డాయి. "చూశారా, ఎసిటైల్‌కోలిన్ పోతే జ్ఞాపకం పోయింది" అన్నారు. నేనూ క్లాసులో చాలా ఏళ్ళు అలాగే చెప్పాను, అప్పటి పుస్తకాల్లో ఉన్నది అదే.

కోలర్, మిల్‌స్టీన్ 1975లో మోనోక్లోనల్ యాంటీబాడీ చేసే పద్ధతి కనిపెట్టకపోతే 192 లేదు, ఇదీ లేదు. వాళ్ళకు 1984లో నోబెల్ వచ్చింది. ఆ ముక్క ఒక స్లైడులో పెట్టు.

గీత_విజయనగరం
మేస్టారూ, మిగతా సగం కూడా చెప్పాలి. సాపోరిన్ వచ్చాక అదే తొట్టి, అదే రాట్, ఈసారి కోలినర్జిక్ కణాలు మాత్రమే పోయాయి. దారి గుర్తుపెట్టుకోవడంలో అందరూ అనుకున్నంత నష్టం కనిపించలేదు. చాలా ప్రయోగాల్లో రాట్స్ బాగానే ఈదుకుంటూ మెట్టు దగ్గరకు చేరాయి. దెబ్బ ఎక్కడ పడిందంటే ధ్యాస మీద. చిన్న లైటు ఎక్కడో ఒక క్షణం వెలిగితే గమనించి ముక్కు పెట్టాల్సిన పనిలో తప్పులు పెరిగాయి. అంటే పాత పద్ధతిలో జ్ఞాపకం పోవడానికి కారణం చాలావరకు పక్కన చచ్చిన ఇతర కణాలు.

నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇది. మందు కొత్త జబ్బును కనిపెట్టలేదు, పాత జవాబును సగానికి కోసింది.

శేషు_మెడికల్స్
బొబ్బిలిలో మెడికల్ షాపు నాది. అల్జీమర్స్‌కి రాసే డోనెపెజిల్ నెలనెలా తీసుకెళ్ళే పెద్దవాళ్ళు ఉన్నారు. మేడమ్ చెప్పినదాన్ని బట్టి ఆ మాత్రలు దండగ అన్నట్టేనా? రేపు ఎవరైనా ఇది చదివి మానేస్తే నాకు మాటొస్తుంది.

గీత_విజయనగరం
అయ్యో, అలా అనలేదండీ. ఎవరూ మాత్ర మానకండి, డాక్టర్‌నే అడగండి. డోనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఆపుతుంది, కొంతమందికి కొంతకాలం మేలు చేస్తుంది, అది మనుషుల మీద ట్రయల్స్‌లో తేలిన సంగతి. రాట్ ప్రయోగం చెప్పేది వేరు. ఆ కణాలు మాత్రమే పోతే ఏమవుతుందన్న దానికే అది జవాబు. అల్జీమర్స్‌లో పోయేవి అవొక్కటే కాదు కదా.

మీరు మెడికల్ షాపు అన్నారు కాబట్టి ఇంకోటి. అప్రెపిటాంట్ క్యాప్సూల్స్ మీ దగ్గర ఉంటాయా?

శేషు_మెడికల్స్
ఉంటాయి. కీమోకి విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళు అడుగుతారు. వాంతులకి. దానికీ దీనికీ ఏం సంబంధం?

గీత_విజయనగరం
అది పుట్టాల్సింది నొప్పి మందుగా!

వెన్నుపాములో నొప్పి సంకేతాలు అందుకునే పైపొరలో కొన్ని న్యూరాన్లుంటాయి. వాటి మీద సబ్‌స్టెన్స్ పీ అనే నొప్పి సంకేత రసాయనం కోసం ఎన్‌కే1 అనే రిసెప్టర్ ఉంటుంది. 1997లో మాంటీ బృందం యాంటీబాడీ బదులు సబ్‌స్టెన్స్ పీకే సాపోరిన్ తగిలించి రాట్ వెన్నులోకి ఇచ్చింది. ఎన్‌కే1 ఉన్న కణాలు దాన్ని మింగి చచ్చాయి. మామూలుగా సూది గుచ్చితే రాట్ కాలు వెనక్కి లాక్కుంటూనే ఉంది. కాని వాపు వచ్చాక చిన్న తాకిడికే భగ్గుమనే నొప్పి ఉంటుంది చూడండి, అది బాగా తగ్గిపోయింది. అవసరమైన నొప్పి మిగిలింది, అదనపు నొప్పి పోయింది. ఎముక క్యాన్సర్ వచ్చిన పెంపుడు కుక్కల్లో కూడా ఇచ్చి చూసి 2013లో ప్రచురించారు, నొప్పి తగ్గింది.

కంపెనీలు మాత్రం ఏం చేశాయంటే, ఎన్‌కే1ను మూసేసే మాత్రలు తయారుచేశాయి. జంతువుల్లో ఆశ పుట్టించాయి, మనుషుల నొప్పికి పనికిరాలేదు. వాటిలో ఒకటి వాంతుల మందుగా 2003లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. అదే మీ క్యాప్సూల్.

ఆనంద్, ఇక్కడ ఆగి ఆలోచించు. టాక్సిన్‌తో నొప్పి తగ్గింది, మాత్రతో తగ్గలేదు. రెండిటి గురి ఒకే రిసెప్టర్. ఎందుకు?

ఆనంద్_ఆమదాలవలస
మాత్ర రిసెప్టర్ను మూస్తుంది... టాక్సిన్ కణాన్నే తీసేస్తుంది. ఆ కణానికి వేరే రిసెప్టర్లు కూడా ఉంటాయి కదా అక్కా? గ్లూటమేట్‌వి?

గీత_విజయనగరం
పట్టేశావు. ఎన్‌కే1 మూసినా, గ్లూటమేట్ అనే ఇంకో సంకేత రసాయనం దారిలో ఆ కణం మోగుతూనే ఉంటుంది. టాక్సిన్ ప్రయోగంలో రిసెప్టర్ ఒక గుర్తు మాత్రమే, నేరం దానిదని రుజువు కాదు. ఏ పేపర్లోనైనా "పీ75 కణాలు పోతే ఇది జరిగింది" అని ఉంటే ఒప్పుకో. "కాబట్టి ఇది పీ75 పని" అని ఉంటే చెయ్యి ఎత్తు. సెమినార్‌లో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్క మాట గట్టిగా చెప్పు.

సిస్టర్_రాజాం
నేను స్టాఫ్ నర్సుని. మీ మాటల్లో సగం అర్థం కాలేదు గానీ, విషం యాంటీబాడీ అంటే మాకు గుర్తొచ్చేది పాముకాటు ఇంజెక్షనే. అదీ యాంటీబాడీయే కదా? ఇక్కడ యాంటీబాడీ విషాన్ని మోస్తుంది అంటున్నారు, మా దగ్గర విషాన్ని ఆపుతుంది. ఒకటేనా రెండూ?

వానాకాలంలో కట్లపాము కేసులు తెల్లవారుజామున వస్తాయి. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ళు. కాటు గుర్తు కూడా కనబడదు ఒక్కోసారి. కడుపునొప్పి అంటారు, గ్యాస్ అనుకుని ఇంట్లో సోడా తాగించి తెస్తారు. నేను ముందు చూసేది కళ్ళు. "అమ్మా, పైకి చూడు" అంటాను. చూపు పైకి పోతుంది, రెప్ప మాత్రం లేవదు. వేలితో ఎత్తి వదిలితే మళ్ళీ జారిపోతుంది. అది చూడగానే డాక్టర్ గారికి ఫోను, వెంటిలేటర్ ఎక్కడ ఖాళీ ఉందో కనుక్కోమని ఇంకో ఫోను.

వంశధార70
అమ్మా, మంచి ప్రశ్న. మన దగ్గరి యాంటీవెనమ్ గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను శుద్ధిచేసి తయారుచేస్తారు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి ఒకటే మందు. అక్కడ యాంటీబాడీ విషానికే అతుక్కుని దాని పని కట్టేస్తుంది. పట్టుకునే గుణం రెండుచోట్లా ఒకటే, దేన్ని పట్టుకుంటుందన్నదే తేడా.

పాము విషాలను పరిశీలించడం మన తీరానికి కొత్త కాదు. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి పాములు సేకరించి, కుక్కల మీద, కోళ్ళ మీద కాటు వేయించి చూసి, 1796లో పుస్తకం వేశాడు. రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే.

గీత_విజయనగరం
సిస్టర్ గారూ, మీరు చెప్పిన ఆ వాలిన రెప్ప వెనక పెద్ద కథ ఉంది.

కట్లపాముల్లో తైవాన్ వైపు ఉండే ఒక జాతి విషం నుంచి 1963లో చాంగ్, లీ అనే ఇద్దరు ఆల్ఫా-బంగరోటాక్సిన్‌ను వేరుచేశారు. అది కండరం మీద ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ను పట్టుకుంటే ఇక వదలదు. ఆ పట్టునే వాడుకుని, విద్యుత్ ఈల్, టార్పెడో చేపల నుంచి ఆ రిసెప్టర్‌ను బయటకు లాగారు. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ ఆ ఈల్ రిసెప్టర్‌ను కుందేళ్ళకు ఎక్కించారు. వాళ్ళకు కావాల్సింది యాంటీబాడీలు. అవి వచ్చాయి, కాని కుందేళ్ళు మెడ వాల్చేసి నీరసించిపోయాయి. అచ్చం మయస్తీనియా గ్రావిస్ అనే, కండరాలు నీరసించే జబ్బు ఉన్న రోగుల్లా. ఆ జబ్బులో మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే ఆ రిసెప్టర్ మీద పడతాయని అలా తేలింది. మీ దగ్గరకు వచ్చే మయస్తీనియా రోగికీ ముందు వాలేది రెప్పే కదా. ఆ రోగికి రాసే యాంటీబాడీ రక్తపరీక్షల్లో ఈ పాము టాక్సిన్‌కి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి వాడేవి ఉన్నాయి.

సిస్టర్_రాజాం
ఓలమ్మో. రెప్ప వాలితే పాము, లేదంటే మయస్తీనియా అని చదివాం గానీ ఈ చుట్టరికం ఎవరూ చెప్పలేదు. మరి కట్లపాముకి యాంటీవెనమ్ ఇచ్చినా కొందరు లేవడానికి అన్ని రోజులు ఎందుకు పడుతుంది మేడమ్? తాచుకాటు వాళ్ళు త్వరగా తేరుకుంటారు.

గీత_విజయనగరం
తాచు విషం ఎక్కువగా కండరం వైపు రిసెప్టర్‌ను మూస్తుంది. మూత తీస్తే పని మొదలవుతుంది, ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఆపే నియోస్టిగ్మిన్ కూడా సాయపడుతుంది. కట్లపాము విషంలో నరం కొసనే పాడుచేసే ఇంకో టాక్సిన్ ఉంది. ఒకసారి కొస పాడయ్యాక యాంటీబాడీ చెయ్యగలిగింది లేదు, అది మళ్ళీ మొలవాలి. అందాకా వెంటిలేటరే. అందుకే త్వరగా తేవడం అంత ముఖ్యం. సోడా దగ్గర పోయిన గంట తిరిగిరాదు.

కొత్తసభ్యుడు_9
మా ఊళ్ళో ఆముదం చెట్లు బోల్డు. రైసిన్ ఇంట్లో తియ్యొచ్చా? సైన్స్ ఫెయిర్‌కి.

నిర్వాహకుడు
తియ్యకూడదు. రసాయన ఆయుధాల ఒప్పందంలో రైసిన్ మొదటి షెడ్యూల్లో ఉంది, దాని మీద మన దేశంలో 2000లో చేసిన చట్టమూ ఉంది. పద్ధతి అడిగినా, చెప్పినా పోస్టు తీసేస్తాను. సైన్స్ ఫెయిర్‌కి ఆముదం దీపం పెట్టుకో.

మైత్రి_పార్వతీపురం
ఇంతసేపూ చదివాను. రాట్ మెదడు, కుందేలు మెడ, కుక్క వెన్ను. ఎవరికీ ఏమీ అనిపించదా?

వంశధార70
అనిపిస్తుంది తల్లీ, అనిపించాలి కూడా. ఇప్పుడు ఎవరిష్టం వచ్చినట్టు చెయ్యడానికి లేదు. జంతు ప్రయోగం అనుమతికి ఫారం బి నింపి, సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందు ఎన్ని జంతువులు, ఎందుకు, మత్తు ఏమిటి, నొప్పి తగ్గించేది ఏమిటి అని చెప్పుకోవాలి. బయటి సభ్యుడు కూడా కూర్చుంటాడు.

మైత్రి_పార్వతీపురం
ఫారం నింపితే రాట్‌కి నొప్పి తగ్గదు కదా మేస్టారూ.

గీత_విజయనగరం
తగ్గదు. మీతో వాదించను. నేను చేసినదాన్ని సమర్థించుకునే మాట ఒక్కటే ఉంది: కంట్రోల్ సరిగా లేని ప్రయోగంలో పోయిన జంతువు ఊరికే పోయినట్టు. కాబట్టి ఆనంద్ మూడో ప్రశ్నకు ఇప్పుడు వస్తాను.

సాపోరిన్ ఎక్కించిన రాట్‌లో తేడా వస్తే, అది సూది గుచ్చడం వల్లా, సాపోరిన్ తనంతట తాను లోపలికి జొరబడటం వల్లా, యాంటీబాడీ పీ75ను మూసెయ్యడం వల్లా, లేక నిజంగా కణం చావడం వల్లా? ఉప్పునీళ్ళ ఇంజెక్షన్ మొదటిదానికే జవాబు చెప్తుంది. దేన్నీ పట్టుకోని యాంటీబాడీకి సాపోరిన్ తగిలించి ఇస్తే రెండోది తేలుతుంది. మీ పేపర్లోది అలాంటిదే, మెదడులో దేనికీ గురిలేని పెప్టైడ్‌కు తగిలించినది, అందుకే బ్లాంక్ అన్నారు. యాంటీబాడీ ఒక్కటే, లేదా యాంటీబాడీనీ సాపోరిన్‌నూ అతికించకుండా కలిపి ఇస్తే మూడోది. ఉప్పునీళ్ళతో సరిపెట్టిన పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి, నేను రివ్యూకి వస్తే వెనక్కి పంపుతాను.

కణాలు పోయాయని చూపడానికి కూడా పీ75 రంగు ఒక్కటే చాలదు. బతికున్న కణం రిసెప్టర్‌ను దాచేసుకున్నా రంగు పోతుంది. ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైమ్, అదే చాట్, దానికీ రంగు వెయ్యాలి. మెదడులోనే స్ట్రయాటమ్ అనే ఇంకో భాగంలోని కోలినర్జిక్ కణాల మీద పీ75 ఉండదు కనక అవి చెక్కుచెదరకుండా కనిపించాలి. అవి కూడా తగ్గితే ఎక్కడో తేడా కొట్టింది.

ల్యాబ్‌సురేష్_ఎచ్చెర్ల
రంగు అన్నారు కాబట్టి టెక్నీషియన్‌గా నా గోడు. యాంటీబాడీ ట్యూబు రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్లో పెట్టండి, ఒకే ట్యూబుని తీస్తూ పెడుతూ ఉంటే చచ్చూరుకుంటుంది. 2018లో తిత్లీ తుపానుకి నేను అప్పట్లో పనిచేసిన చోట రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ పొయ్యమంటే సంతకం కోసం ఫైలు తిరిగింది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో ఐసుగడ్డలు తెచ్చి థర్మకోల్ పెట్టెలో దాచాం. మామూలు యాంటీబాడీలు చాలావరకు బతికాయి, ఎంజైమ్ తగిలించినవి పోయాయి. ఆ తర్వాత ప్రతిదాన్నీ పాజిటివ్ కంట్రోల్ మీద (రంగు రావాల్సిందేనని ముందే తెలిసిన కణజాలం) మళ్ళీ పరీక్షించకుండా ఎవరికీ ఇవ్వలేదు. డబ్బా మీద పేరు చూసి నమ్మకండి. ఆ ప్రొటీన్ లేని నాకౌట్ కణజాలం మీద కూడా రంగొస్తే ఆ యాంటీబాడీ వేరేదాన్ని పట్టుకుంటున్నట్టు.

జీడిపప్పు_బావ
జనరేటర్‌కి ఫైలా! మా ఊళ్ళో తిత్లీకి జీడితోటలే పడిపోనాయి బావూ, సంతకాలు ఇంకా అవుతున్నాయి.

ఆనంద్_ఆమదాలవలస
అందరికీ థ్యాంక్స్. పేపర్ మళ్ళీ తీశాను. చాట్ రంగు వేశారు, స్ట్రయాటమ్ చూపారు, సెరిబెల్లమ్ ఫోటో లేదు. ఇంకో డౌట్. మా ల్యాబ్‌లో సీనియర్ దగ్గర సొంతంగా చేసిన మౌస్ మోనోక్లోనల్ ఉంది. దానికి సాపోరిన్ అతికించి చూడాలంటే చాలా ఖర్చు అంటున్నారు. ముందే పనిచేస్తుందో లేదో తెలుసుకునే దారి ఉందా?

గీత_విజయనగరం
ఉంది. సాపోరిన్ తగిలించిన సెకండరీ యాంటీబాడీ, అంటే ఇంకో యాంటీబాడీనే పట్టుకునే యాంటీబాడీ దొరుకుతుంది. మీ సీనియర్ యాంటీబాడీతో దాన్ని కలిపి కల్చర్ కణాలకు ఇవ్వండి. గురి ఉన్న కణాలు, గురి లేని కణాలు రెండు ప్లేట్లు. మూడు రోజుల తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టండి. మొదటి ప్లేటు పోయి రెండోది నిలబడితే అప్పుడు డబ్బు ఖర్చుపెట్టొచ్చు. రెండూ నిలబడితే యాంటీబాడీ అతుక్కుంటోంది గానీ కణం లోపలికి లాక్కోవడం లేదేమో చూడండి, అలాంటివి చాలా ఉంటాయి. జంతువు జోలికి ఆ తర్వాతే.

ల్యాబ్‌సురేష్_ఎచ్చెర్ల
గ్లవ్స్ రెండు జతలు, సూదికి మూత మళ్ళీ పెట్టొద్దు, మిగిలింది సింకులో పొయ్యొద్దు. సేఫ్టీ వాళ్ళతో ముందే మాట్లాడి వేస్ట్ ఎక్కడికి పోవాలో రాయించుకో తమ్ముడూ.